దాపటి మోటారు

రెండేళ్ళపాటు మా ఇంట్లో పోస్టుమేన్ ఉద్యోగం నాదే. తాత వరండాలో కూర్చుని, పదడుగుల దూరంలో చెప్పులు విప్పుతున్న నాన్నని చూస్తూనే, "కాంతా, లారీ ఎనక టైరులో గాలి తక్కువుండాదని మీ నాయనకి చెప్పు" అనేవాడు. నేను నాన్న వైపు తిరిగి "టైరులో గాలి తక్కువుందట" అనేదాన్ని. నాన్న "చూశానని చెప్పు" అనేవాడు. నేను మళ్ళీ ఇటు తిరిగి "చూశాడట" అనేదాన్ని. ఇద్దరికీ చెవులు బ్రహ్మాండంగా పనిచేసేవి. పంతాలు అంతకంటే బాగా పనిచేసేవి.

కారణం ఎడ్లు. మా తాత మునిస్వామి ఫిజీ దీవుల్లోని మా ఊరు వాయినికోరోలో యాభై ఏళ్ళు ఎడ్లతోనే చెరకు పొలం దున్నాడు. ఆఖరి జత పేర్లు చుక్కడు, లాలూ. తాత కంటి ఆపరేషన్‌కి లంబాసా పట్నం వెళ్ళి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాన్న ఆ జతని అమ్మేశాడు. వాయినికోరోలో అందరూ ట్రాక్టరు పిలిపించుకుంటున్నారు, ఇంకా ఎడ్లేమిటి అన్నది నాన్న వాదన. తాత బాగుపడిన కళ్ళతో ఇంటికొచ్చి మొట్టమొదట చూసింది ఖాళీ కొట్టాన్ని. ఆ రోజు నుంచి కొడుకుతో మాట లేదు. కొట్టంలో కాలు పెట్టలేదు. నాన్న అందులో సిమెంటు పోయించి లారీ సామాన్లు పెట్టుకున్నాడు.

నేను హైస్కూల్లో ఆఖరి ఏడు చదువుతున్నాను. ఫిబ్రవరిలో పై చదువుకి రాజధాని సువా వెళ్ళిపోవాలి. అమ్మకి అదే దిగులు. "నువ్వు పోతే వీళ్ళిద్దరి మధ్యా ఎవరు తిరుగుతారే? నా వల్ల కాదు. ఇద్దరు మూగవాళ్ళని పెట్టుకుని ఈ ఇంట్లో ఎట్లా వేగేది?" అనేది. నాకూ భయంగానే ఉండేది. తాతంటే ప్రాణం, నాన్నంటే ప్రాణం, ఆ పోస్టుమేన్ పనంటే మాత్రం పరమ అసహ్యం.

అలాంటి ఇంటికి 2017 జూలైలో, చెరకు కోతలు మంచి జోరులో ఉండగా, ఒక అట్టపెట్టె వచ్చింది.

మా లెక్కల మాస్టారు శివ ప్రసాద్ సర్ దాన్ని బల్ల మీద పెట్టి మూత తీసినప్పుడు క్లాసంతా లేచి నిలబడింది. రెండు చక్రాలు, రెండు పచ్చటి మోటార్లు, అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు, ప్లాస్టిక్ సంచుల్లో రంగురంగుల వైర్లు, గుప్పెడు స్క్రూలు. "ఇది ఆటబొమ్మ కాదు. మీరు కంప్యూటర్లో ఏం రాస్తే అది చేస్తుంది. తప్పు రాస్తే తప్పే చేస్తుంది" అన్నారు సర్. అక్టోబర్లో లంబాసాలో పోటీ. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న, నేల మీద పరిచే తెల్లటి చెక్క బల్ల, దాని చుట్టూ చిన్న కంచె. ఈ సామానుతో ఒక చిన్న కారు చేసి, దాని వెనక మార్కర్ పెన్ను కట్టాలి. కారు తనంతట తాను తిరుగుతూ ఆ బల్ల మీద పది గీతలు గీయాలి. మూడు నిమిషాల సమయం. ఎవరి గీతలు ఎక్కువ, ఎవరివి తిన్నగా ఉన్నాయి అన్నది పోటీ.

"ఎవరింట్లో కడతారు? కరెంటు ఉండాలి, చోటు ఉండాలి" అని సర్ అడిగేలోపు నా చెయ్యి పైకి లేచింది. నేను లేపలేదు. పక్కన కూర్చున్న లితియా నా మణికట్టు పట్టుకుని లేపింది.

లితియా ఫిజీ మూలవాసుల పిల్ల, వాళ్ళ ఊరు మా చెరకు తోట పక్క ఏటికి అవతల. చిన్నప్పట్నుంచీ మా వంటింట్లోనే పెరిగింది. ఫిజీ హిందీ నాకంటే వేగంగా మాట్లాడుతుంది, మా తాతని తాతా అనే పిలుస్తుంది, మా అమ్మ చేసే చింతపండు చేపల పులుసు నాకంటే ఎక్కువ తింటుంది. భయమన్నది తెలియని మనిషి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మా ఇంట్లో మాటలు సగానికి పైగా ఫిజీ హిందీలోనే సాగేవి. తాత ఒక్కడే తెలుగు మాట్లాడేవాడు, అదీ దేవుడితో, ఎడ్లతో, కోపం వచ్చినప్పుడు మాతో. నాకు అప్పట్లో ముప్ఫై తెలుగు మాటలు వస్తే గొప్ప. తర్వాత సువాలో పట్టుబట్టి నేర్చుకున్నాను కాబట్టి అందరి మాటలూ తెలుగులో పెట్టి రాస్తున్నాను. తాత మాటల్లో యాస మాత్రం ఆయనదే.

కొట్టం మా కార్ఖానా అయింది. నాన్న టైర్ల పక్కన పాత తలుపు ఒకటి పడుకోబెట్టి దాని మీద అన్నీ పరిచాం. కిట్‌తో వచ్చిన కాగితంలో బొమ్మలున్నాయి గానీ సగం బొమ్మలు మా పెట్టెలోని సామానుకి సరిపోలేదు. ఒక స్క్రూ కిందపడితే ఇద్దరం సిమెంటు మీద పొట్టలు ఆనించి వెతికేవాళ్ళం. మోటారు వైర్లు బిగించటం మాకు చేతకాకపోతే, చెరకు మిల్లు దగ్గర తొమ్మిది గంటలు లారీ వరసలో నిలబడి వచ్చిన నాన్న స్నానమైనా చెయ్యకుండా టంకం వేసి పెట్టాడు. నాన్నని అంత ఉత్సాహంగా చూసి ఎన్నాళ్ళయిందో! టంకం పొగలో ముఖం పెట్టి "ఇంకోటి ఇవ్వు, ఇంకోటి ఇవ్వు" అంటాడు, ఇచ్చేందుకు ఇంకేం లేకపోయినా.

ముందువైపు రెండు గుండ్రటి వెండిరంగు గొట్టాలున్న ముక్క ఒకటి బిగించాం. అది కారుకి కళ్ళు. మనకి వినపడని శబ్దం ఒకటి పంపి, అది గోడకి తగిలి వెనక్కొచ్చే సమయాన్ని బట్టి గోడ ఎంత దూరమో చెబుతుంది. పది సెంటీమీటర్లకంటే దగ్గరైతే ఆగిపోవాలని మేం ప్రోగ్రాంలో రాశాం.

పదకొండో రోజు సాయంత్రం, సర్ ఇచ్చిన కంప్యూటర్ కేబుల్ తీసేసి, కారుని సిమెంటు మీద పెట్టి, స్విచ్ నొక్కాను. కారు గుర్రుమంది. ముందుకి పోతుందని మేం దారిచ్చి నిలబడితే వెనక్కి పోయింది. కొట్టం దాటింది, వాకిలి దాటింది, నేరుగా వెళ్ళి అమ్మ మినప్పప్పు ఆరబోసిన చేటలో ఎక్కి కూర్చుంది.

"అరే బాప్ రే!" అని అమ్మ స్టూలెక్కింది. "ఎలకా?"

"నడిచింది! అమ్మా, నడిచింది!" నేను లితియాని పట్టుకుని గంతులేస్తున్నాను. వెనక్కి నడిస్తే ఏం? వైర్లు మార్చితే ముందుకి నడుస్తుంది. మేం రాసిన మాట విని ఒక వస్తువు కదిలింది. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. మినపగింజలు వారం రోజులు చక్రాల్లోంచి రాలుతూనే ఉన్నాయి.

వరండాలో తాత నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా, భుజాలు కదులుతూ.

అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. కారు తిన్నగా పోదు. రెండు మోటార్లకీ అదే అంకె ఇచ్చాం, రెండు వందలు. అయినా నాలుగడుగులు వెళ్ళేసరికి ఎడమకి ఒరిగి గోడని వెతుక్కునేది. చక్రం వంకరేమోనని విప్పి బిగించాం. కొత్త బ్యాటరీలు వేశాం. నాన్న ఆకురాయితో చక్రం అంచు అరగదీశాడు. లితియా నేలదే తప్పని తేల్చేసి, కారుని వాళ్ళ ఊరి చర్చి హాలుకి తీసుకెళ్ళి నడిపించింది. అక్కడా ఎడమకే పోయింది.

"మోటారు చెడిపోయింది యార్. సర్‌ని ఇంకోటి అడుగుదాం" అంది లితియా.

"ఇంకోటి లేదు. ఉన్నది ఇదొక్కటే కిట్." నాకు ఏడుపొస్తోంది.

అప్పుడు వరండాలోంచి వినిపించింది. "దాపటిది సోమరిది."

నేను తిరిగి చూశాను. తాత బీడీ చేత్తో పట్టుకుని, కూర్చున్న చోటి నుంచే, తెరిచిన కొట్టం తలుపులోంచి కారుకేసి చూస్తున్నాడు.

"కోన్‌చీ, తాతా? ఏంటది?" అని లితియా పరుగెత్తింది.

"ఎడం పక్కది దాపటిది. కుడి పక్కది వలపటిది. ఏ జతైనా రెండూ ఒక్కమాదిరి ఉండవు. మా చుక్కడు సోమరి. లాలూ గట్టోడు. లాలూ అడుగు పెద్దదేస్తాడు, ఇంక నాగలి ఎటు పోతాది? చుక్కడి పక్కకే పోతాది. మీది కూడా అంతే. సోమరోడి పక్కకి పోతా ఉండాది."

"మరి నువ్వేం చేసేవాడివి? చుక్కణ్ణి కొట్టేవాడివా?" అంది లితియా.

తాతకి కోపం వచ్చింది. "కొట్టేదెందుకు? వాడి బలం వాడిది. కాడి మీద తాడు లాలూ పక్కకి జరిపేది. అప్పుడు బరువు లాలూ మీద పడతాది, వాడి జోరు తగ్గతాది. సోమరోణ్ణి తోలమాక. గట్టోణ్ణి ఆపు."

నేనూ, లితియా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మరుక్షణం ఇద్దరం కంప్యూటర్ మీద పడ్డాం. ఎడమ మోటారు రెండు వందలు అలాగే ఉంచి, కుడిదానికి నూట తొంభై ఇచ్చాం. తక్కువ ఒరిగింది. నూట ఎనభై. ఇంకా తక్కువ. నూట డెబ్భై ఆరు దగ్గర కారు ఈ గోడ నుంచి ఆ గోడకి గీత గీసినట్టు వెళ్ళింది. లితియా పెట్టిన కేకకి ఏటి అవతల కుక్కలు మొరిగాయి.

ఆ రాత్రే ప్రోగ్రాంలో ఎడమ మోటారు పేరు 'దాపల' అనీ, కుడిదాని పేరు 'వలపల' అనీ మార్చేశాను.

తిన్నగా పోవటం వచ్చింది, మలుపు రాలేదు. గీత చివరకి వచ్చాక కారు ఉన్నచోటనే గిర్రున తిరిగి పక్క గీతలోకి రావాలని మేం రాశాం. అలా తిరిగినప్పుడల్లా చక్రం జారి, మూడో గీతకల్లా అంతా వంకర. ఒక శనివారం నాన్న ఇంట్లో ఉండగా ఈ సంగతి చెప్పాను. అదే పెద్ద పొరపాటు, లేదా పెద్ద అదృష్టం.

"ట్రాక్టరువాడు ఏం చేస్తాడు? కొంచెం వెనక్కి తీసి, మళ్ళీ ముందుకి తిప్పుతాడు. అలా రాయి" అన్నాడు నాన్న కొట్టంలోంచి.

"ఎడ్లు ఎనక్కి నడవవని మీ నాయనకి చెప్పు" అన్నాడు తాత వరండాలోంచి.

"ఇవి ఎడ్లు కాదని తాతకి చెప్పు."

"కాకపోతే ఇద్దర్ని పక్కపక్కన ఎందుకు కట్టినారో అడుగు."

"వెనక్కి నడిచే మోటార్లని తాతకి చెప్పు."

"నడిస్తే సాలు చెడతాదని చెప్పు. మెడ తిప్పగానే నాగలి లేస్తాది, చూసినాడా ఎప్పుడైనా? పొలంలో ఉంటే గదా చూసేదానికి!"

"నేను పొలంలో లేకపోతే చెరకు ఎవరు కోయిస్తున్నారో అడుగు!"

వాకిట్లో నిలబడి నేను ఇటు, అటు తిరుగుతున్నాను. మొదట్లో మాటలు అందించాను. తర్వాత అందించేలోపే అవతలి నుంచి జవాబొచ్చేస్తోంది. లితియా గట్టు మీద కూర్చుని మామిడికాయ కొరుకుతూ తల అటూ ఇటూ తిప్పుతోంది. చివరికి అదే అంది, "కాంతా, తాత ఇక్కడే ఉన్నాడు, అంకుల్ ఇక్కడే ఉన్నాడు. మధ్యలో నువ్వెందుకు?"

నాలో ఏదో తెగింది. "నేనింక చెప్పను" అని అరిచాను. "ఇవాళ్టినుంచి మానేశాను. కావాలంటే మీరే చెప్పుకోండి."

చెప్పుకోలేదు. ఇద్దరూ ఠక్కున నోరు మూసుకున్నారు. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు ఇంట్లో చప్పుడు లేదు. తాత టీ కావాలంటే గ్లాసు నేలకేసి తట్టేవాడు. నాన్న గొడ్డలి కనబడక ఇల్లంతా వెతికాడు. అది తన మంచం కింద ఉందని తాతకి తెలుసు, చెప్పలేదు. అమ్మ నా వైపు చూసేది గానీ ఏమీ అనేది కాదు. ఫిబ్రవరి తర్వాత ఈ ఇల్లు ఎలా ఉంటుందో నాకు అర్థమైపోయింది. నాలుగో రోజు పొద్దున నేనే వెళ్ళి, "నాన్నా, గొడ్డలి తాత మంచం కింద ఉందట" అని చెప్పి ఉద్యోగంలో మళ్ళీ చేరిపోయాను.

మలుపు సంగతి తాత వాకిట్లో కర్రతో గీసి చూపించాడు. దున్నేవాడు ఎప్పుడూ పక్క సాలులోకి, అంటే పక్క నాగటి గీతలోకి, తిరగడట. ముందు పొలంలో కొంత మేర కొండ్రగా గుర్తు పెట్టుకుంటాడు. దాని ఈ అంచున పైకి వెళ్ళి, ఎడమకి విశాలంగా తిరిగి, ఆ అంచున కిందికి వస్తాడు. మళ్ళీ ఎడమకే తిరిగి, మొదటి సాలు పక్కన రెండోది వేస్తాడు. తిరిగినప్పుడల్లా దాపటెద్దు దాదాపు నిలబడి ఉంటుంది, వలపటెద్దు దాని చుట్టూ నడిచి వస్తుంది. ఎప్పుడూ ఒకే వైపు తిరగటం వల్ల ఎడ్లకి కూడా అలవాటైపోతుంది. మేం లెక్క వేశాం. మొదటి గీత తర్వాత ఆరోది, తర్వాత రెండోది, తర్వాత ఏడోది, అలా. అన్నీ ఎడమ మలుపులే. నాన్న చెప్పిన పద్ధతి కూడా విడిగా రాశాం. న్యాయం న్యాయమే కదా.

ఆదివారం రెండూ నడిపించి చూశాం. నాన్న టేపు పట్టుకుని సిమెంటు మీద ఒక్కో గీత కొలిచాడు. ట్రాక్టరు మలుపుతో పదో గీత అరచెయ్యంత పక్కకి పోయింది. కొండ్ర మలుపుతో వేలెడు కూడా తేడా రాలేదు. నాన్న టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఎక్కణ్ణుంచో ప్లైవుడ్ పలకలు తెచ్చి, తెల్లరంగు వేసి, పోటీలో ఉండేలాంటి బల్లే చేసిపెట్టాడు. బ్రష్ కడుగుతూ నెమ్మదిగా అన్నాడు, "ఆయన లెక్క బాగుందని చెప్పు."

నేను వరండాలోకి వెళ్ళి చెప్పాను. తాత "ఊఁ" అన్నాడు. తర్వాత ఇంకో గ్లాసు టీ అడిగాడు. కొట్టంలోకి మాత్రం రాలేదు. ఆ రెండు నెలల్లో కారుని ఆయన దగ్గరగా చూసిందే లేదు, అంతా వరండా నుంచే.

పోటీ రోజు లంబాసా హాలు కిటకిటలాడుతోంది. ఆరు స్కూళ్ళు, ఆరు జట్లు. పట్నం పిల్లలు ఒకే రంగు టీషర్టులు వేసుకొచ్చారు. మేం యూనిఫాంలో ఉన్నాం, లితియా చెవిలో ఎర్ర మందారం. కారు తిరగబడితే ఎత్తటానికి బల్ల దగ్గర ఒక పెద్దమనిషి ఉండొచ్చన్నారు. మాకు టంకం వేసిన నాన్నే నిలబడ్డాడు. అమ్మ, తాత, సర్ కుర్చీల్లో.

పెట్టె తీసి చూస్తే కారు ముందు భాగాన చిన్న కుంకుమ బొట్టు. పొద్దున్నే మా అందరికంటే ముందు లేచి తాత, వరండాలో సర్దిపెట్టిన పెట్టెలోనే దానికి పూజ చేశాడన్నమాట, ఏటా మొదటి సాలుకి ముందు ఎడ్లకి చేసినట్టు. బొట్టు తుడవలేదు.

"వాయినికోరో జట్టు, మూడు నిమిషాలు. మొదలు!"

నేను స్విచ్ నొక్కాను. కారు కదల్లేదు.

మళ్ళీ నొక్కాను. బోర్డు మీద దీపం వెలుగుతోంది. మోటార్లు ఊరుకున్నాయి. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను కేబుల్ పెట్టి, కంప్యూటర్ తెరిచి, నేల మీద కూర్చున్నాను. తెర మీద వరసగా సున్నా, సున్నా, సున్నా.

"దూరం సున్నా అంటోంది! ఎదురుగా గోడ ఉందనుకుంటోంది!" అని అరిచాను. "లితియా, దానికి కళ్ళు కనబడటం లేదు!"

"ఏ కళ్ళు? బాగానే ఉన్నాయి కదా!"

పైకి బాగానే ఉన్నాయి. వైరు లాగి చూశాం, గట్టిగానే ఉంది. నిమిషం అయిపోయింది. నేను తెర మీద నుంచి తల ఎత్తటం లేదు. వెనక హాలంతా గోల. సర్ ఏదో అరుస్తున్నారు, వినబడటం లేదు.

తర్వాత అమ్మ చెప్పింది: తాత ఆమె మోచెయ్యి పట్టుకుని, "కళ్ళు అంటా ఉండాది, దానికి కళ్ళెక్కడ?" అని అడిగాడట. "ఆ ముందున్న రెండు గొట్టాలే" అందట అమ్మ. అవి ఆయనకి వరండాలోంచి రెండు పొట్టి కొమ్ములుగా కనబడ్డాయి. ఎడ్లకి కొమ్ముల మొనలకి పసుపు పూయటం ఆయన ఎరిగిన పని. పొద్దున తడిపసుపు బాగా మెత్తాడు, ఎక్కువైందని పైపైన తుడిచాడు. గొట్టాల లోపలి సన్నటి జల్లెడలో మొత్తం పసుపే.

నేను విన్నది మాత్రం ఒక కేక.

"కేశవా!"

గోల మధ్య ఆ కేక తెలుగులో వచ్చింది, నాన్న పేరుతో. "ఒరే కేశవా! ఆ కొమ్ముల్లో పసుపుండాది! నేనే పూసినా! ఊదరా!"

నాన్న కారు వైపు చూడలేదు. తల ఎత్తి తాతనే చూశాడు. ఎంతసేపో కాదు, ఒక్క ఊపిరి. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి కారుని ముఖం దగ్గరికి తీసుకుని ఊదాడు.

"పోవట్లేదు! ఎండిపోయింది!"

"పుల్ల పెట్టు! చీపురుపుల్ల!"

"చీపురుపుల్ల ఇక్కడ ఎక్కణ్ణుంచి తేను?"

"పిన్నీసు! ప్రభ దగ్గర ఉండాది! ఉండు, నేనొస్తా ఉండా!"

అమ్మ చీర కుచ్చిళ్ళ పిన్నీసు పట్టుకుని తాత కుర్చీల మధ్యనుంచి వచ్చేశాడు. జడ్జి ఇంగ్లీషులో ఒక్కరే ఉండాలని చెప్పింది. తాత ఆవిడకి దణ్ణం పెట్టి, ఆవిణ్ణి దాటుకుని వచ్చి, నాన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరి తలలూ కారు మీద కలిశాయి. "గట్టిగా గుచ్చమాక." "గుచ్చట్లేదు, గీకుతున్నాను." "ఇటు తిప్పు." "నువ్వు వెలుగుకి అడ్డమొస్తున్నావు." పసుపుపొడి తెల్లబల్ల మీద రాలుతోంది. నేను తెర చూస్తున్నాను. సున్నా. సున్నా. సున్నా. నూట ఎనభై ఒకటి.

"కనబడుతోంది!" అని లితియా, నేనూ ఒకేసారి అరిచాం.

కేబుల్ పీకి బల్ల మీద వదలగానే కారు బయల్దేరింది. మిగిలింది డెబ్భై సెకన్లు. ఒక గీత, ఎడమకి విశాలంగా మలుపు, ఆరో గీత. రెండో గీత. ఏడో గీత. హాలు ఒక్కసారి సద్దుమణిగింది. మిగతా కార్లు గిర్రున తిరిగి ఆగి వణికేవి. మాది తాపీగా, తన పని తనకి తెలిసినట్టు తిరుగుతోంది. తాత నేల మీద కూర్చునే "హా... హా..." అని మెల్లగా అదిలిస్తున్నాడు. ఏడు గీతలు ముగించి ఇంకోటి సగంలో ఉండగా గంట కొట్టారు.

ఆరు జట్లలో నాలుగో స్థానం. నాకు బాధ కలగలేదని రాస్తే అబద్ధం. హాలు వెనక కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ బాగా ఏడ్చాను. లితియా నా వీపు తడుతూ, "ఏడు గీతలూ స్కేలు పెట్టినట్టున్నాయన్నారు యార్" అని చెప్పి, తనూ ఏడ్చింది.

అమ్మని, లితియాని సర్ తన కార్లో తీసుకుని ముందే వెళ్ళిపోయారు. లారీ ముందు సీట్లో నాన్న, తాత, మధ్యలో ఒళ్ళో అట్టపెట్టెతో నేను. లంబాసా వంతెన దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. హాల్లో జరిగింది అక్కడికే అయిపోయిందేమో, మళ్ళీ నా ఉద్యోగం నాకేనేమో అని భయపడుతున్నాను.

తాత అద్దంలోంచి రోడ్డు చూస్తూ అడిగాడు. "ఎవరికిచ్చినావు?"

నేను అలవాటుగా నాన్న వైపు తిరిగి నోరు తెరిచాను. నాన్న అప్పటికే జవాబు చెబుతున్నాడు. "సెయాంగాంగాలో పెద్దన్నకి." పెద్దన్నంటే నాన్నకి అన్న కాదు, ఆ ఊళ్ళో ఒక రైతు పేరు.

"వాడికి దున్నేది రాదే!"

"దున్నట్లేదు. బండి కడుతున్నాడు."

"నీకెట్లా తెలుసు?"

"చూసొస్తుంటాను. సీజన్ లేనప్పుడు, నెలకోసారి." నాన్న గేరు మార్చాడు. "రెండూ బాగున్నాయి. లావెక్కాయి."

"లావెక్కినాయా? అంటే వాడు వాటితో పనే చేయించట్లేదు! చుక్కణ్ణి కూర్చోబెడితే వాడింక లేస్తాడా?"

నేను నవ్వాపుకోలేక పెట్టె మీద ముఖం పెట్టాను. కాసేపటికి తాత గొంతు తగ్గింది. "నేను ఆసుపత్రిలో ఉంటే అమ్మేసినావు. దొంగమాదిరి."

"నువ్వుంటే అమ్మలేకపోయేవాణ్ణి" అన్నాడు నాన్న. "నీ కళ్ళముందు వాటిని లారీ ఎక్కించే ధైర్యం నాకు లేదు."

"వాటికి ఒక మాట చెప్పి పంపేవాణ్ణి గదరా. చేత్తో గడ్డైనా పెట్టేవాణ్ణి."

నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పి తాత ముఖంలోకి చూశాడు. "తప్పు చేశాను నాన్నా" అన్నాడు. ఆ మాట ఎప్పట్నుంచో ఆయన నోట్లోనే ఉందని నాకు తెలిసింది, అంత సులువుగా వచ్చింది.

"రోడ్డు చూసి నడుపు" అన్నాడు తాత.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. నాన్న వాకిట్లో లారీ ఆపి ఇంజను కట్టేశాడు. నేను తాతని దాటుకుని దిగాను. వాళ్ళిద్దరూ దిగలేదు. ఎడ్లని తిరిగివ్వటానికి పెద్దన్నని ఎలా ఒప్పించాలన్న దగ్గర మొదలై, అసలు ఆ రోజు ఎంత పొద్దున తోలుకుపోయారు, చుక్కడు మొరాయించాడా లేదా, తాడు ఎవరు పట్టుకున్నారు, అన్నదాకా వెళ్ళింది. ఒకరు అరుస్తారు, ఇంకొకరు నవ్వుతారు, మళ్ళీ ఇద్దరూ అరుస్తారు.

అమ్మ తడిచేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే లితియా.

"కొట్టుకుంటున్నారా?"

"లేదమ్మా. మాట్లాడుకుంటున్నారు."

అమ్మ గుమ్మానికి ఆనుకుని విన్నది. లోపల అన్నం, చేపల పులుసు సిద్ధంగా ఉన్నాయి, వాసన వాకిలిదాకా వస్తోంది. నేను పిలుద్దామని లారీ వైపు రెండడుగులు వేశాను.

"పిలవమాక" అంది అమ్మ.

మా ఇంట్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు కూర్చోవటం. అవ్వ అలాగే చేసింది, అమ్మ అలాగే చేసింది. ఆ రోజు అమ్మ లోపలికి వెళ్ళి మూడు కంచాలు కడిగి తెచ్చింది. లితియాకి, నాకు వడ్డించి, తనూ వడ్డించుకుని, లారీ కనబడేలా గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. నాన్నకంటే ముందు అమ్మ అన్నం తినటం నేను పుట్టాక చూసింది అదే మొదటిసారి. తొందరేమీ లేకుండా తింది. పులుసు రెండోసారి కూడా వేసుకుంది.